వసిలికి తీరంలో ఈత, నీటి ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీసు పడమటి వైపు, అయోనియన్ సముద్రంలో లెఫ్కాదా అనే దీవి ఉంది. పేరుకు దీవే గాని, వంతెన దాటి కారులోనే వెళ్లిపోవచ్చు. దాని దక్షిణ కొసన, మూడు వైపులా కొండలున్న అఖాతంలో వసిలికి అనే రేవు ఊరు. విండ్ సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలి తోపుతో నీళ్ల మీద సాగే ఆట, ఆడేవాళ్లలో ఈ పేరు వినని వాళ్లు తక్కువ. మేము జర్మనీ నుంచి నాలుగు వేసవులు అక్కడికి వెళ్లాం. ఇక్కడి మన తెలుగు కుటుంబాలు సెలవులకు ముందు ఫోను చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటాయి. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇలా రాసి పెడుతున్నాను.

ఒక్క ముక్కలో చెప్పండి, అక్కడ ఈత కొట్టవచ్చా?

ఉదయమైతే నిశ్చింతగా కొట్టవచ్చు. మధ్యాహ్నం భోజనం తర్వాత మాత్రం ఒడ్డుకు దగ్గరగా, కాళ్లు అందే లోతులోనే ఉండాలి. వసిలికిలో రోజుకు రెండు సముద్రాలు ఉంటాయి. పొద్దున చూసింది ఒకటి, మూడు గంటలకు చూసేది ఇంకొకటి. పొద్దున చూసినదాన్ని నమ్ముకుని మధ్యాహ్నం దిగినవాళ్లే చిక్కుల్లో పడతారు.

మధ్యాహ్నం ఏమవుతుంది? ‘ఎరిక్’ అంటున్నారు, ఎవరాయన?

మనిషి కాదు, గాలి. అక్కడి విండ్ సర్ఫర్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. వేసవిలో అయోనియన్ సముద్రం మీద మధ్యాహ్నాలు వాయవ్యం నుంచి గాలి వీస్తుంది. గ్రీకులు దాన్ని మైస్త్రో అంటారు. వసిలికికి వచ్చేసరికి ఆ గాలికి లెఫ్కాదా కొండలు అడ్డు వస్తాయి. వాటిలో ఎత్తయిన శిఖరం 1,100 మీటర్లు దాటుతుంది. ఎండకు వేడెక్కిన ఆ వాలుల మీదుగా ఎక్కి, ఇవతలి పక్కన కిందికి జారేటప్పుడు గాలి వేగం అందుకుంటుంది. అఖాతం మీదికి దిగేసరికి అయోనియన్ గాలి ఎరిక్ అయిపోతుంది.

ఇది చూసి తీరాల్సిన దృశ్యం. పన్నెండింటి దాకా సముద్రం నుంచి ఒడ్డుకు చల్లగా, మెల్లగా గాలి తగులుతుంటుంది. ఒంటిగంట ప్రాంతంలో అదీ ఆగిపోతుంది. నీళ్లు నూనె పోసినట్టు నునుపుగా ఉంటాయి. ఒడ్డున కూర్చున్న పాతకాపులు అప్పుడు సముద్రం వైపు చూడరు, పడమటి పక్కనున్న పోంటి అనే చోటు పైన కొండ వైపు చూస్తారు. కాసేపటికి ఆ మూల నీళ్ల మీద ముదురు నీలం చార ఒకటి పడుతుంది. ఆ చార వెడల్పవుతూ ముందుకు వస్తుంది, దాని వెనుక తెల్లటి నురగ తలలు లేస్తాయి. పది నిమిషాల్లో గొడుగులు మూసేస్తారు, తువ్వాళ్లు ఎగిరిపోతాయి, అప్పటిదాకా కాఫీ తాగుతున్నవాళ్లంతా తెరచాపలు భుజాన వేసుకుని పరుగెత్తుతారు.

గ్రీసులో గాలి బలాన్ని బోఫోర్లలో చెబుతారు. నాలుగు బోఫోర్లంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు, అయిదంటే 38 దాకా, ఆరంటే 49 దాకా. మంచి ఎరిక్ వచ్చిన రోజు నాలుగు, అయిదు మామూలే. ఆరు కూడా ఉంటుంది. ఫోనులో వాతావరణం చూసేటప్పుడు ఎండా వానా చూసి సరిపెట్టుకోకండి. గాలి వేగం, దిశ చూడండి.

ఒడ్డున అల కూడా ఉండదంటున్నారు కదా, మరి భయం దేనికి?

మనవాళ్లందరూ పడే పొరపాటు ఇదే. విశాఖ ఆర్కే బీచ్‌లోనో, యారాడలోనో పెరిగినవాడికి ప్రమాదమంటే పెద్ద అల, కాళ్ల కింద ఇసుకను లాగేసే ప్రవాహం. అక్కడ సముద్రం ముందే అరిచి హెచ్చరిస్తుంది. వసిలికిలో ఎరిక్ వీచేది పోంటి వైపు నుంచి, ఒడ్డుకు పక్కవాటుగా, కొంచెం లోపలి వైపుకు. నేల వైపు నుంచి వచ్చే గాలికి ఒడ్డు పక్కన అల లేవదు. అల పెరగాలంటే దానికి నీటి మీద దూరం కావాలి. అందుకే ఒడ్డు నుంచి చూస్తే ముందున్న యాభై మీటర్లు చెరువులా కనబడతాయి. ఆ చెరువులో తేలుతూ పడుకున్న మనిషి తనకు తెలియకుండానే లోపలికి జరుగుతుంటాడు. తల ఎత్తి చూసేసరికి ఒడ్డు దూరమైపోయి ఉంటుంది, తిరిగి రావాలంటే గాలికి, చిన్న చిన్న అలలకు ఎదురీదాలి. నోట్లోకి నీళ్లు కొడుతుంటే మంచి ఈతగాడు కూడా అలసిపోతాడు.

ఒడ్డున కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి: ఒక చెట్టు, ఒక హోటలు బోర్డు. అయిదు నిమిషాలకోసారి అది ఎదురుగానే ఉందా అని చూసుకోండి. పక్కకు జరిగిందంటే అది జరగలేదు, మీరు జరిగారు.

గాలిపరుపు, ట్యూబు, ప్లాస్టిక్ బాతు తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లండి, ఉదయం వాడండి, పన్నెండు కాగానే గాలి తీసేయండి. ఇందులో బేరం లేదు.

మా మొదటి వేసవిలో మా అమ్మాయి ట్యూబు, పసుపు రంగుది, మనిషి లేకుండానే నీళ్ల మీద దొర్లుకుంటూ పోవడం మొదలుపెట్టింది. ఎనిమిది యూరోల ట్యూబు. పది బారల దూరమే కదా అని నేను వెంటపడ్డాను. నేను ఒక బార వేస్తే అది మూడు బారలు దొర్లింది. ఇదిగో అందుతుంది, ఇదిగో అందుతుంది అనుకుంటూ ఎంత దూరం పోయానో తెలియలేదు. చివరికి వెనక్కి తిరిగి చూస్తే మా గొడుగు అగ్గిపుల్లంత ఉంది. వెల్లకిలా తేలి ఊపిరి సరిచేసుకుని, గాలికి ఎదురు వెళ్లకుండా ఏటవాలుగా ఊరి వైపు ఈదుకుంటూ వచ్చాను. ఒడ్డెక్కేసరికి చేతులు వణుకుతున్నాయి. సర్ఫింగ్ బడి పిల్లల సామాను కాపలా కాస్తున్న ముసలాయన ఒకాయన చూసి, కుర్చీ జరిపి, ఏమీ అనకుండా మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది.

ఎగిరిపోయిన వస్తువును పోనివ్వాలి. దాని మీద పిల్ల ఉంటే మాత్రం వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోను చేసి, దగ్గరలోని సర్ఫింగ్ బడి పడవవాళ్లను కేకేయాలి. ఈదుకుంటూ వెళ్లి గాలిపరుపును పట్టుకోవడం ఒలింపిక్ ఈతగాడికైనా కష్టం.

నాకు ఈత రాదు. నీళ్లలోకి దిగాలా వద్దా?

దిగండి. నడుము లోతు వరకు, ఉదయం పూట, ఈత వచ్చినవాళ్లు పక్కన ఉండగా. గులకరాళ్ల మీద కాలు జారుతుంది కనుక రబ్బరు అడుగున్న నీటి చెప్పులు వేసుకోండి. ఇవి అక్కడి కొట్లలో కూడా దొరుకుతాయి. వెల్లకిలా తేలడం ఒక్కటి అక్కడ నేర్చుకోవచ్చు, ఎందుకంటే మధ్యధరా నీటిలో ఉప్పు ఎక్కువ, లీటరుకు దాదాపు 38 గ్రాములు. మన బంగాళాఖాతం కంటే కొంచెం తేలిగ్గా తేలతారు. తేలడం వచ్చింది కదా అని ఈత వచ్చిందనుకోకండి.

రేవు వైపు మాత్రం వద్దు. వేసవిలో కెఫలోనియా దీవిలోని ఫిస్కార్దోకు వెళ్లే ఫెర్రీలు, యాత్రికుల పడవలు అక్కడి నుంచే తిరుగుతుంటాయి.

ఆడవాళ్లు ఏ బట్టలు వేసుకోవాలి? చుడీదారుతో దిగితే?

నూలు చుడీదారు, చున్నీ, చీర: ఏదైనా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. నీళ్లలో తన్నుకోవడానికి కాలు రాదు. మగవాళ్ల లుంగీ, జీన్సు ప్యాంటుకూ ఇదే వర్తిస్తుంది, వాళ్లను ఎవరూ అడగరు గాని. బికినీ వేసుకోనక్కర్లేదు. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాలి కింది దాకా ఉండే ఈత లెగ్గింగు వేసుకుంటే ఎవరూ వింతగా చూడరు. సర్ఫింగ్ చేసేవాళ్లలో సగం మంది ఎండకు తట్టుకోలేక అలాగే ఉంటారు. రంగు మాత్రం నారింజో, ముదురు గులాబీయో తీసుకోండి. నీలం, తెలుపు వేసుకున్న మనిషి నురగల మధ్య పడవవాడి కంటికి ఆనడు.

చిన్న పిల్లలుంటే?

చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి, అంతే. చేతులకు తొడిగే గాలి బుడగలు జారిపోతాయి, అవి ఆటబొమ్మలు. పిల్ల బరువుకు సరిపడే లైఫ్ జాకెట్, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. నలుగురు పెద్దవాళ్లున్న చోట పిల్లల మీద ఎవరి కన్నూ ఉండదు, ప్రతివాడూ ఇంకొకడు చూస్తున్నాడనుకుంటాడు. మేము వంతులు వేసుకుంటాం. వంతులో ఉన్నవాళ్ల మెడలో ఒక ఎర్ర ఈల. ఈల మెడలో ఉన్నంతసేపు ఫోను ముట్టకూడదు.

లైఫ్‌గార్డులు ఉంటారా? జెండాల సంగతి?

గ్రీసులో జనం ఎక్కువగా వచ్చే తీరాల్లో వేసవి నెలల్లో లైఫ్‌గార్డులను పెట్టాలన్న నియమం ఉంది. ఏ తీరంలో, ఏ వేళల్లో ఉంటారో అక్కడి బోర్డు మీద చూసుకోవాలి. సాయంత్రం కాగానే వాళ్లు దిగిపోతారు, సముద్రం మాత్రం అక్కడే ఉంటుంది. కొండల కింద ఉండే చిన్న తీరాల్లో అసలు ఎవరూ ఉండరు. ఎర్ర జెండా అంటే దిగవద్దని, పసుపు అంటే జాగ్రత్త అని. జెండా లేకపోవడం అనుమతి కాదు.

విండ్ సర్ఫింగ్ నేర్చుకోవాలని ఉంది. నలభై దాటాక వస్తుందా?

నాకు నలభై మూడేళ్లకు వచ్చింది, మీకూ వస్తుంది. నేర్చుకోవడానికి వసిలికి అంత మంచి చోటు కావడానికి కారణం ఆ రెండు సముద్రాలే. ఉదయపు మెల్లని గాలి ఒడ్డు వైపుకే తోస్తుంది కనుక కొత్తవాడు పడినా, లేవలేకపోయినా చివరికి ఒడ్డుకే చేరతాడు. మధ్యాహ్నపు గాలి ఆరితేరినవాళ్లది. కొత్తవాళ్ల పాఠాలు పొద్దునే పెట్టేది అందుకే.

మొదటి రోజు ఇచ్చే బోర్డు తలుపంత వెడల్పు ఉంటుంది, కింద మధ్యలో ఒక రెక్క. తెరచాప చిన్నది. మోకాళ్ల మీద లేచి, నిలబడి, నీళ్లలో పడి ఉన్న తెరచాపను తాడుతో పైకి లాగాలి. అందరూ నడుముతో లాగుతారు, సాయంత్రానికి మంచం దిగలేరు. చేతులు చాచి ఉంచి, మోకాళ్లు వంచి, ఒంటి బరువును వెనక్కి వేయాలి; మా ఊళ్లో బావిలోంచి నిండు చేద తోడేవాళ్లు నిలబడే తీరు అది. తెరచాపలోంచి నీళ్లు జారేదాకా అది కదలదు, జారగానే ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ క్షణంలోనే ఎక్కువమంది వెల్లకిలా పడతారు.

బడిలో చేరేముందు మూడు విషయాలు అడగండి. కాపలా పడవ ఉందా, అది ఎన్నింటి దాకా నీళ్లలో ఉంటుంది? కొత్తవాళ్లు దాటకూడని హద్దు ఎక్కడ? లైఫ్ జాకెట్ ఇస్తారా? మూడోదానికి ‘కావాలంటే ఇస్తాం’ అన్న జవాబు వస్తే ఇంకో బడి చూసుకోండి. పడేటప్పుడు తెరచాప గడ తలకు తగలకుండా ఒక చెయ్యి పైకెత్తి పైకి తేలడం, మొదటి గంటలోనే నేర్పాలి.

ఒక్క షరతు: నేర్చుకోబోయేవాడికి కనీసం యాభై మీటర్లు ఈత రావాలి. లైఫ్ జాకెట్ ఉంటే చాలదా అంటారు. నీళ్లలో పడగానే గాబరా పడేవాడికి జాకెట్ ఉన్నా పాఠం ఎక్కదు.

బోర్డు మీద ఉండగా గాలి పెరిగి వెనక్కి రాలేకపోతే ఏం చేయాలి?

బోర్డును వదలకండి. ఇంకేం మరచిపోయినా ఇది మరవకండి. అది మునగదు, దూరం నుంచి కనబడుతుంది. నీళ్లలో ఒంటరి తల కనబడదు. తెరచాపను నీళ్లలోనే ఉంచి, బోర్డు మీద కూర్చుని, రెండు చేతులూ తల మీదుగా ఎత్తి మెల్లగా పక్కలకు దించుతూ మళ్లీ ఎత్తుతూ ఉండాలి. ఎక్కడైనా ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తు అది. ఒక్క చెయ్యి ఊపితే పలకరిస్తున్నారనుకుని వాళ్లూ ఊపుతారు. మా స్నేహితుడికి ఇలాగే రెండుసార్లు ‘హలో’ దక్కింది.

ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నా సరే, బోర్డు వదిలి ఈదుదామనుకోవద్దు.

ప్యాడిల్ బోర్డు, కయాక్ చూడడానికి తేలికగా ఉన్నాయి కదా?

తేలికే, అందుకే వాటి మీదే ఎక్కువమంది కొట్టుకుపోతారు. ప్యాడిల్ బోర్డు మీద నిలబడి తెడ్డు వేసే మనిషి తెరచాపతో సమానం. గాలి మొదలవగానే మోకాళ్ల మీదికి, ఇంకా పెరిగితే బొక్కబోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ రావాలి. కాలికి కట్టే తాడు తప్పనిసరి, లేకపోతే పడిన మరుక్షణం బోర్డు ఎరిక్‌ది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, అలసిన ఒంటితో వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి మెడకు తగిలించుకోండి, బోర్డుకు కట్టవద్దు. పన్నెండుకల్లా తిరిగి ఇచ్చేయండి.

కైట్ సర్ఫింగ్?

పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద సాగే ఆ ఆటకు వసిలికి కాదు, దీవికి ఉత్తరాన లెఫ్కాదా పట్టణం దగ్గరున్న ఐ యాన్నిస్ తీరం. అక్కడ ఈతకు దిగేవాళ్లు గాలిపటాల తాళ్లకు దూరంగా ఉండాలి. బిగిసి ఉన్న తాడు కత్తితో సమానం.

జెట్ స్కీ, అద్దె మోటారు పడవ నేను నడపవచ్చా?

గ్రీసులో జెట్ స్కీని సొంతంగా నడపాలంటే స్పీడ్ బోటు లైసెన్సు కావాలి. మన డ్రైవింగ్ లైసెన్సు చూపించి బేరమాడేవాళ్లను చూశాను; దయచేసి పరువు తీయకండి. చిన్న పడవల విషయం వేరు: 30 అశ్వశక్తి వరకు ఇంజనున్నవి 18 ఏళ్లు దాటినవాళ్లకు లైసెన్సు లేకుండానే అద్దెకిస్తారు. అరగంట పాఠం చెప్పి తాళం చేతికిస్తారు. ఆ పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకోండి. ఇంజను ఆపే ఎర్ర తాడు నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. మనిషి పడిపోతే ఇంజను ఆగుతుంది. ఎవరైనా నీళ్లలో దిగుతున్నా, మెట్లు ఎక్కుతున్నా ఇంజను పూర్తిగా ఆపాలి. న్యూట్రల్‌లో పెట్టడం ఆపినట్టు కాదు.

ఈతగాళ్ల కోసం కట్టిన బంతుల వరుస లోపలికి మోటారు పెట్టుకుని రాకూడదు. మీరు ఈదేటప్పుడు ఆ వరుస దాటకూడదు. దూరం ఈదేవాళ్లు నడుముకు కట్టుకునే నారింజ రంగు తేలుడు సంచి వాడండి. మధ్యాహ్నానికి అద్దె పడవను దీవికి గాలి తగలని పక్కనే ఉంచుకోండి.

పోర్టో కట్సికి, ఎగ్రెమ్ని ఫొటోలు చూశాం. అక్కడ ఈదవచ్చా?

అవి దీవికి పడమటి తీరం. వసిలికికి చెప్పిన లెక్క అక్కడ తిరగబడుతుంది. ఆ తీరం బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉంది, వాయవ్యపు గాలి అలలను నేరుగా తెచ్చి కొడుతుంది. నాలుగడుగులు వేస్తే మెడ లోతు. ఒడ్డున విరిగే అల మనిషిని పడేసి, గులకరాళ్ల మీద ఈడ్చి, వెనక్కి లాగుతుంది. పొద్దున్నే వెళ్లండి. బయటికి వచ్చేటప్పుడు సముద్రానికి వీపు చూపించకండి: ఒక పెద్ద అల వెళ్లనిచ్చి, దాని వెంటే గబగబా మెట్ట మీదికి రావాలి. లోపలికి లాగే ప్రవాహంలో పడితే దానితో పోట్లాడకుండా తేలి, ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఆర్కే బీచ్‌లో చెప్పే సూత్రమే.

నీళ్ల కంటే నన్ను భయపెట్టేది అక్కడి కొండ. తెల్లటి, మెత్తటి సున్నపురాయి నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. 2015 నవంబర్ 17న 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఎగ్రెమ్ని కొండ విరిగి తీరం మీద పడింది, కిందికి దిగే మెట్లు పోయాయి. నవంబర్ కాబట్టి తీరంలో జనం లేరు. అయోనియన్ దీవుల్లోనే ఒకటైన జకింథోస్‌లో, ఓడ శిథిలం ఫొటోలతో పేరుపడ్డ నవాయో తీరంలో 2018 సెప్టెంబర్‌లో జనం ఉండగానే కొండచరియ పడి కొందరు గాయపడ్డారు. అందువల్ల నీడ కోసం కొండ అడుగున తువ్వాలు పరచవద్దు. గొడుగు మోసుకెళ్లండి, కొండకు దూరంగా కూర్చోండి. తాడు కట్టి మూసిన చోటును దాటి ఫొటో తీసుకునేవాళ్లను అనుసరించకండి.

పిల్లలతో తీరిగ్గా గడపాలంటే వసిలికి రేవు నుంచి చిన్న పడవలో అయ్యోఫిలికి వెళ్లడం మేలు. చివరి పడవ ఎప్పుడో దిగేముందే అడగండి.

షార్కులు?

లేవనుకోండి. గ్రీసులో షార్కు దాడులు అత్యంత అరుదు. మీ కాలిని పట్టుకునేవి చాలా చిన్నవి.

అయితే కాలిని పట్టుకునేవి ఏవి?

మొదటిది అహినోస్. రాళ్ల మీద నల్లటి ముళ్ల బంతిలా కూర్చుని ఉంటుంది, మన జీవశాస్త్రం పుస్తకంలో సీ అర్చిన్. పొరపాటున తొక్కితే ముళ్లు అరికాల్లో విరుగుతాయి. బయటికి కనిపించేవాటిని చిన్న పట్టకారుతో నిదానంగా తీయాలి, లోతుగా ఉన్నవాటి కోసం సూదితో కెలకవద్దు. వేడి నీళ్లలో నానబెడితే నొప్పి తగ్గుతుంది, వెనిగర్ ముళ్లను మెత్తబరుస్తుంది. కీలు దగ్గర దిగితే, వాపు వస్తే వైద్యుడి దగ్గరికి. మంచి సంగతి ఏమిటంటే నీళ్లు శుభ్రంగా ఉన్నచోటే ఇవి బాగా పెరుగుతాయని అక్కడివాళ్లు సంబరంగా చెబుతారు. కాల్లో దిగినవాడికి ఆ సంబరం ఉండదు.

రెండోది ద్రాకెనా, ఇసుకలో కళ్లు మాత్రం బయట పెట్టి పూడుకుని ఉండే చేప. వీపు మీద విషపు ముళ్లు. తొక్కితే నొప్పి తేలు కుట్టినట్టు పైకి పాకుతుంది. విరుగుడు వేడి: భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంటకు పైగా కాలు ఉంచాలి. ముందు మంచి కాలితో వేడి చూసుకోండి, కుట్టిన కాలికి వేడి తెలియదు.

మూడోది జెల్లీఫిష్. నడినెత్తిన గుడ్డు పచ్చసొన ఉన్నట్టుండే పెద్దది పెద్దగా హాని చేయదు. ఊదా రంగులో, పొడుగు తీగలతో ఉండే చిన్నది మండిస్తుంది. కుట్టిన చోట సముద్రపు నీళ్లే పోయాలి. మంచినీళ్లు పోస్తే మిగిలిన విషపు గొట్టాలు పగులుతాయి. రుద్దకూడదు. ఊదా రంగుదానికి వెనిగర్ పనికిరాదు. వంటసోడాను సముద్రపు నీళ్లతో సమానంగా కలిపి పూసి, రెండు నిమిషాలాగి బ్యాంకు కార్డు అంచుతో గీకేయండి, తర్వాత చల్లటి కాపడం. మూత్రం పోయాలన్న సలహా ఇచ్చేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, వాళ్లను కాఫీకి పంపండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 112.

ఏ నెలలో వెళ్లాలి? నీళ్లు చల్లగా ఉంటాయా?

మే నెలలో దాదాపు 19 డిగ్రీలు, జూన్‌లో 22, జులై ఆగస్టుల్లో 25, 26, సెప్టెంబర్‌లో 25. విశాఖలో ఎక్కువ నెలలు 27, 28 ఉండే నీళ్లకు అలవాటుపడ్డ ఒంటికి మే నెల గుండె ఆగినంత పని చేస్తుంది; మెల్లగా, ముఖం మీద నీళ్లు చల్లుకుంటూ దిగండి. నా ఓటు సెప్టెంబర్ మొదటి సగానికి. ఆ తర్వాత దక్షిణపు గాలులు మొదలవుతాయి, అఖాతం నోరు అటే కనుక అలలు నేరుగా ఊళ్లోకి వస్తాయి. 2020 సెప్టెంబర్ మధ్యలో ఇయానోస్ తుఫాను ఈ అయోనియన్ దీవులనే కొట్టింది. హెచ్చరిక సందేశం ఫోనుకు వస్తే గ్రీకులో ఉందని పక్కన పెట్టకండి, కింద ఇంగ్లీషులో కూడా ఉంటుంది.

నీళ్లలోనే ఉంటాం కదా, ఎండ దెబ్బ తగులుతుందా?

నీళ్లలో ఉంటేనే తెలియకుండా తగులుతుంది, గాలి ఉంటే మరీను. మనది నల్లటి చర్మం, కాలదనుకునేవాళ్లు సాయంత్రం పెరుగు రాసుకుంటూ కనబడతారు. ఇంకో మాట: మధ్యాహ్నం భోజనంతో ఊజో అనే గ్రీకు మద్యం తాగితే ఆ రోజుకు ఈత అయిపోయినట్టే.

ఎవరైనా మునిగిపోతుంటే ఎలా గుర్తుపట్టాలి? ఏం చేయాలి?

సినిమాలో అరుస్తారు, చేతులు కొట్టుకుంటారు. నిజంగా మునిగేవాడికి అరవడానికి ఊపిరి ఉండదు. నిటారుగా, నోరు నీటి మట్టానికి సమంగా, తల వెనక్కి వాల్చి, మెట్లు ఎక్కుతున్నట్టు చేతులతో నీళ్లను కిందికి నొక్కుతుంటాడు. అల్లరి చేస్తున్న పిల్లలు హఠాత్తుగా నిశ్శబ్దమైతే పరుగెత్తండి.

వెంటనే దూకవద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోయిన వార్తలు మన గోదావరి, కృష్ణా ఒడ్డున ఏటా చదువుతూనే ఉన్నాం. ముందు కేకేయండి, ఎవరితోనైనా ఫోను చేయించండి, తేలేది ఏదైనా విసరండి: ట్యూబు, బోర్డు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా.

బయటికి తీశాక పొట్ట నొక్కవద్దు, తలకిందులు చేయవద్దు. అలా నీళ్లు కక్కిస్తే కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటి ద్వారా అయిదుసార్లు ఊపిరి ఊదాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదాలి; సాయం వచ్చేదాకా ఇదే వరుస. నీళ్లు మింగి కోలుకున్న మనిషికి తర్వాత దగ్గు, ఆయాసం ఉంటే ఆ రాత్రి గదిలో ఉంచకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ నంబర్లు, ఏ ఆసుపత్రి, ఏ బీమా?

112 అన్నిటికీ, ఇంగ్లీషులో మాట్లాడతారు. సముద్రంలో ఆపదకు తీరరక్షక దళం 108. ఈ నంబరు మనకు అంబులెన్సుగా అలవాటు, అక్కడ పడవ వస్తుంది. అంబులెన్సు 166. వసిలికిలో ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద ఆసుపత్రి లెఫ్కాదా పట్టణంలో, కొండ దారిలో గంట వరకు పడుతుంది. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. అందులో నీటి క్రీడలు మినహాయించారేమో చూడండి. చిన్న అక్షరాల్లో, మూడో పేజీలో ఉంటుంది.

స్నార్కెల్ (ఊపిరి గొట్టం) వేసుకుని ఈదుతుంటే అడుగున పాత కుండ పెంకు కనబడితే తెచ్చుకోవచ్చా?

ముట్టుకోకండి. గ్రీసులో నీటి అడుగున ఉన్న ప్రాచీన వస్తువులు ప్రభుత్వానివి, తీసుకెళ్లడం నేరం. గుర్తుగా ఉండాలంటే ఊళ్లో కొట్లున్నాయి. కనబడేది మాంక్ సీల్ అనే అరుదైన సముద్ర జంతువు అయితే అదృష్టం, దూరంగా ఉండి చూడండి.

ఎరిక్ రాని రోజు కూడా ఉంటుందా?

ఉంటుంది. ఆకాశం మబ్బుపట్టినప్పుడో, దక్షిణపు గాలి తిరిగినప్పుడో. ఆ రోజు విండ్ సర్ఫర్లు కాఫీ కొట్టులో కూర్చుని, మూడు గంటలకు ఒకసారి, నాలుగు గంటలకు ఇంకోసారి పోంటి కొండను చూసి నిట్టూర్చి, ఇంకో కాఫీ చెబుతారు. మబ్బు మాత్రమే ఉండి నీళ్లు కదలకుండా ఉంటే, పసుపు ట్యూబు మధ్యాహ్నం కూడా ఊదుకోవచ్చు. తాడు మాత్రం కట్టండి.